చప్పుడు లేని డైవ్

జూలై 7, 2025, సోమవారం

ఎరువుల అంగడి వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలు బీరువాలో పడి ఉంది. ప్రాక్టీసు వివరాలకు వేరే పుస్తకం ఉంది. అది మారుతి చూస్తాడు, పిల్లలు చూస్తారు, ప్రిన్సిపాల్ సంతకం పెడతాడు. ఇవాళ జరిగింది దాంట్లో రాస్తే ముసలాయనకు గొప్పలు ఎక్కువైనాయి అంటారు. అందుకని ఇక్కడ.

వేసవి సెలవుల తర్వాత పూల్‌లోకి నీళ్లు వదిలి పదకొండు రోజులైంది. ఉన్నది ఒక్క బోరు, అదీ హాస్టలుకు పోగా మిగిలింది. నిన్న సాయంత్రానికి డైవింగ్ వైపు నిండింది. ఇవాళ పొద్దున మొదటి డైవ్ హేమావతితో వేయించాను. మూడు మీటర్ల బోర్డు, ముందుకు ఒకటిన్నర పల్టీ. నేను అలవాటు ప్రకారం పూల్‌కు వీపు తిప్పి, గోడవతల చీనీ బత్తాయి చెట్ల వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. బోర్డు దడదడలాడింది. తర్వాత ఏమీ లేదు. నీళ్లు పగిలిన చప్పుడు లేదు, చిందిన చప్పుడు లేదు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ కాలేజీలో ఈత, డైవింగ్ నేర్పిస్తున్నాను. మంచి డైవ్ అంటే కొత్త పంచె చింపినట్టు సన్నగా సర్రుమనాలి. అంతకంటే మంచిది ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఈ పిల్ల నీళ్లకే తెలియకుండా పడుతోంది. "బాగుండాది పాపా, శానా బాగుండాది. మల్ల ఎక్కు" అన్నాను. ఆరుసార్లు వేసింది. ఆరుసార్లూ అంతే.

అక్టోబరు మధ్యలో బెంగళూరులో యూనివర్సిటీల పోటీలు. అక్టోబరు 31న నా రిటైర్మెంటు. ఈతలో నా పిల్లలు పతకాలు తెచ్చారు గానీ, డైవింగ్‌లో ఇన్నేళ్లలో ఒక్కటీ రాలేదు. ఇది మా ఇద్దరికీ ఆఖరి అవకాశం. మారుతికి చెప్తే తల ఊపి ఊరుకున్నాడు. వాడు నా పాత శిష్యుడు, ఇప్పుడు నా అసిస్టెంటు. నవంబరు నుంచి ఈ ఈల వాడి మెడలో ఉంటుంది. ఇంత పెద్ద విషయానికి ఒట్టి తల ఊపుడా?

జూలై 9

పూల్ దగ్గర మోటరు కొత్తది వేసినట్టున్నారు, తిరుగుతున్నట్టే తెలియడం లేదు. మారుతిని అడిగితే పాతదే సార్ అన్నాడు.

జూలై 15, మంగళవారం

పొద్దున నుంచి ఒకటే గాలి. మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి. చెనిక్కాయ విత్తినోళ్లందరూ పైకే చూస్తున్నారు.

ఫస్టియర్ పిల్ల ఒకతె అడిగింది ఇవాళ, అందరూ డైవ్ చూస్తారు గదా, మీరెందుకు తిరిగి నిలబడతారు సార్ అని. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఏటా ఒకే జవాబు చెప్తాను. కన్ను మోసపోతుంది పాపా. పల్టీ అందంగా ఉంటే కన్ను దాంతోనే పోతుంది. నీళ్లు మోసపోవు. కాలు వంగినా, నడుము విరిగినా, చేతులు విడినా నీళ్లు చెప్పేస్తాయి. చెవి ఉన్నోడికి చాలు. పిల్లలు ఈ మాట చెప్పుకుంటారని నాకు తెలుసు. రైల్వేలో ఉన్నవాళ్లు, ఫైర్ సర్వీసులో ఉన్నవాళ్లు, ఎక్కడ కనపడినా "సార్ చెవి" గురించే మాట్లాడుతారు. ఒకడైతే పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చి, గేటు దగ్గరనుంచే నా నడక చప్పుడు విని ఎవరో చెప్పండి సార్ అన్నాడు. చెప్పాను కూడా.

ఈ విద్య బావి దగ్గర వచ్చింది. బత్తలపల్లె పక్కన మా ఊర్లో ఈత అంటే బావే. నడుముకు తాడు కట్టి నాయన పైనుంచి వదిలేవాడు. నాలుగు రోజులకు తాడు తీసేసేవాడు. గట్టు మీద కూర్చుని గడ్డి కోసుకుంటూ, తల ఎత్తకుండానే, ఎవరు దూకిందీ ఎట్లా దూకిందీ చెప్పేవాడు. ఆయన నుంచే నాకు వచ్చింది. అంతే. మా తమ్ముడు జయరాం సంగతికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇంకోటి గుర్తుకొచ్చింది. వరసగా కరువు పడి పూల్ రెండేళ్లు ఎండిన కాలం. చెనిక్కాయ మిల్లు నుంచి పొట్టు తెప్పించి, గోతాల్లో కుట్టించి, ఖాళీ పూల్‌లో పరిపించి, దాని మీద పల్టీలు వేయించాను. పిల్లలు ఇంటికి పోతే వాళ్ల అమ్మలు తలలో పొట్టు దువ్వలేక తిట్టుకునేవాళ్లు. మారుతి ఆ బ్యాచే. వాడి తల ఇప్పుడు బట్టతల, దానికి నేనే కారణమంటాడు.

జూలై 24

హేమావతిని ఎట్లా పట్టానో రాసిపెట్టుకోవాలి, మరిచిపోయేలోపల. రెండేళ్ల కిందట తనకల్లు దగ్గర ఒక పెళ్లికి పోయాను. భోజనాలు ఆలస్యమని చేలవైపు నడిచాను. కంప అవతల సర్రుమని ఒక చప్పుడు. నిలబడిపోయాను. మళ్లీ సర్రు. కంప దాటుకుని పోతే బావి. గట్టు మీద ఒకావిడ గొర్రెలను అదిలిస్తూ ఉంది. ఆవిడే తిరుపాలమ్మ, హేమావతి తల్లి.

"దూకిందెవరమ్మా?" అన్నాను.

"మా పిల్ల. నీకేం పనప్పా?"

"కాలేజీలో ఈత నేర్పిస్తాను."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "దానికొచ్చు గదా. ఇంగేం నేర్పిస్తావు?" అంది.

నవ్వొచ్చింది. మూడుసార్లు తిరిగాక, ఫీజు లేదని, హాస్టల్ ఉందని, నేను బాధ్యత అని చెప్పాక పంపించింది. గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. మాట తక్కువ. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఈ పిల్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానమేం లేదు. అందరూ ఒకటే నాకు.

అబద్ధం. ఈ పిల్లంటే నాకు ప్రాణం.

ఆగస్టు 2

గంగాదేవికి ఈ మధ్య గొంతు తగ్గింది. వంటింట్లోంచి గొణిగితే హాల్లో ఉన్న నాకెట్లా తెలుస్తుంది? పెళ్లయిన కొత్తలో మూడు వీధులకు వినపడేది. ఇవాళ కుక్కర్ మాడింది. ఎనిమిది విజిల్లు వచ్చినాయి, పక్కనే కూర్చుని పేపర్ చదువుతాండావు, లేసి ఆపకూడదా అని కేకలు. నేను పేపర్లో మునిగిపోయానన్నాను.

"చెవుల డాక్టరు దగ్గరికి పోదాం రాప్పా, ఒక్కతూరి" అంది.

"నా చెవి గురించి ఊరంతా అడుగు పో" అన్నాను.

బొరుగుల ఉగ్గాని పెట్టింది. బాగుంది.

ఆగస్టు 11, సోమవారం

ఇవాళ హేమావతి బోర్డు నిచ్చెన నిదానంగా ఎక్కుతోంది. మధ్యలో ఆగి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. ఏం పాపా అంటే, ఏం లేదు సార్ అంది. దూకింది. చప్పుడు లేదు. బాగుండాది, మల్ల ఎక్కు అన్నాను. బయటికి వచ్చి నా ముఖం వైపు కాసేపు చూసింది. "నిజంగా బాగుండాదా సార్?" అని అడిగింది.

"నా చెవి మీద అనుమానమా?"

"లేదు సార్, లేదు" అని గబగబా ఎక్కేసింది.

మంచి ఆటగాళ్లకు అంత తొందరగా తృప్తి ఉండదు. ఆ గుణం ఉండాలి.

ఆగస్టు 12

ఇవాళ కూడా చప్పుడు లేదు.

ఆగస్టు 20

నిన్న రాత్రి వాన పడిందట. లేచేసరికి వాకిలి తడిసి ఉంది. నాకు మెలకువే రాలేదు, వయసుకు మంచి నిద్ర పట్టడం అదృష్టమే.

ఈ బ్యాచ్ పిల్లలకు మర్యాద ఎక్కువ. వెనకనుంచి పిలవరు. ఎదురుగా వచ్చి, ముఖంలో ముఖం పెట్టి, నిదానంగా మాట్లాడుతారు. ముందటి బ్యాచ్‌ల వాళ్లు పరిగెత్తుతూ అరిచి పోయేవాళ్లు. మారుతితో ఆ మాటే అన్నాను. వాడు చేతిలో ఉన్న తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"సార్, ఒక మాట చెప్పల్ల మీకు" అన్నాడు.

"హేమావతికి వెనక పల్టీ మొదలుపెడదామనే గదా. రేపటి నుంచి పెడదాం."

"అది కాదు సార్. ఆ పిల్ల డైవు..."

"ఏమైంది డైవుకు? ఇన్నేళ్లలో అట్లాంటిది విన్నావా నువ్వు?"

తాడు చుట్టడం పూర్తయ్యేదాకా వాడు తల ఎత్తలేదు. "లేదు సార్" అన్నాడు. అంతే మరి. వాడికి కొంచెం అసూయ ఉన్నట్టుంది. పాపం, వాడూ డైవరే గదా.

సెప్టెంబరు 3, బుధవారం

హేమావతి ఆసుపత్రిలో ఉంది.

పొద్దున ఏడింటికి. వెనక్కి వేసే ఒకటిన్నర పల్టీ. నేను చీనీ చెట్ల వైపు. బోర్డు దడదడలాడింది. గుబుక్కుమని మెత్తగా ఏదో వినపడినట్టయింది. "బాగుండాది పాపా, మల్ల ఎక్కు" అన్నాను.

గోడ దగ్గర ఇద్దరు పిల్లలు తువ్వాళ్లు మడుస్తున్నారు. నేను ఆ మాట అంటూనే వాళ్లు తువ్వాళ్లు కింద పడేసి నన్ను దాటుకుని పరిగెత్తారు. అప్పుడు తిరిగాను. మారుతి బట్టలతోనే నీళ్లలో ఉన్నాడు. హేమావతి వెల్లకిలా తేలుతోంది, నోరు తెరుచుకుని, ఊపిరి అందక.

వీపు మీద పడింది. ఆ చప్పుడు కాలేజీ గేటు దాకా వినపడిందట. వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

నేను బాగుండాది అన్నాను.

సెప్టెంబరు 4

ఎముకలు విరగలేదు. అది మొదట రాయాలి. ఎముకలు విరగలేదు.

డాక్టరు అన్నాడు, నిన్నటి దెబ్బ ఒక్కటే కాదు, నడుము రెండు నెలల నుంచి దెబ్బతింటూ ఉంది, పల్టీ ఎక్కువైపోయి కాళ్లు అవతలికి పడుతుంటే నడుము వంచి సరిచేసుకుంటూ వచ్చింది, ఎవరూ చూడలేదా అని. మూడు వారాలు మంచం దిగకూడదన్నాడు.

ఎవరూ చూడలేదా.

ఆసుపత్రి వరండాలో మారుతి ఏడ్చాడు. ముప్పై ఏడేళ్లవాడు, బట్టతలవాడు. "అందరికీ తెలుసు సార్. ఏడాది నుంచి మీకు సరిగ్గా ఇనపడ్తాలేదు. పిల్లలకూ తెలుసు. అక్టోబరు దాకా గదా, సార్ మర్యాదగా పోనీ అనుకున్న్యాం. ఆ పిల్ల డైవు చిందుతాంది సార్, జూలై నుంచి చిందుతానే ఉండాది. చెప్పల్లని వచ్చినా. నోరు రాలే."

ఇంటికి వస్తే గంగాదేవి కూడా అదే. "నేనే మారుతికి చెప్పినా, ఆయప్పకు చెప్పొద్దు నాయనా, ఆ చెవే ఆయన బతుకు అని. నాదే తప్పు" అంది.

ఇంతమంది ప్రేమగా దాచారు. నా మీది ప్రేమకు ఆ పిల్ల నడుము పోయింది. కోపం తెచ్చుకుందామని చూశాను. వాళ్ల మీద రాలేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

జయరాం వచ్చాడు. గంగాదేవి ఫోన్ చేసి ఉంటుంది. బస్టాండు నుంచి నడుచుకుంటూ, ఎప్పటిలాగే మెడ బిగబట్టుకుని, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పుతూ వచ్చాడు. మా తమ్ముడికి యాభై ఆరు. చెనిక్కాయ పైరు చూపిస్తానని రెండు చెట్లు పీకి సంచిలో తెచ్చాడు. కాయలు ఇంకా లేతవే.

ఇన్ని రోజులు రాయననుకున్నది రాయాలి.

ఏప్రిల్ నెల. నాకు పదిహేడు, జయరాంకు పద్నాలుగు. ఎండాకాలంలో బావిలో నీళ్లు రోజురోజుకూ పడిపోతాయి, ఎవరి మోటరు ఎంతసేపు నడిచిందో ఎవరికీ తెలియదు. అందుకని మా ఊర్లో ఒక పద్ధతి. పెద్దవాడు ముందు మెట్లు దిగి, కాలితో లోతు చూసి వస్తాడు. వాడు దూకమంటేనే మిగతావాళ్లు దూకాలి. ఆ రోజు పెద్దవాణ్ని నేను. నేను దిగలేదు. నిన్న చూశాను గదా అనుకున్నాను. బావికి వీపు చేసి చొక్కా గుండీలు తీసుకుంటున్నాను. జయరాం గట్టు మీదనుంచి "నీళ్లు చూసినావా అన్నా?" అని అడిగాడు.

"చూసినా, దూకు" అన్నాను.

ఆ చప్పుడు నీళ్లది కాదు. బండది.

ఆ రోజు నుంచి ఎవరు దూకినా నేను చూడలేను. తల తిప్పేస్తాను. కోచ్ ఉద్యోగం వచ్చాక తల తిప్పడాన్ని ఒక పద్ధతి చేశాను, పద్ధతిని గొప్ప చేశాను. నాయన నుంచి వచ్చిన విద్య అని రాశాను ఈ డైరీలోనే. నాయన గడ్డి కోసుకుంటూ వింటాడు గానీ, ఎవరన్నా పిల్లోడు గట్టెక్కితే కొడవలి ఆపి చూసేవాడు. అది నాకు బాగా తెలుసు.

జయరాంతో ఆ రోజు గురించి నలభై రెండేళ్లలో ఒక్కసారీ మాట్లాడలేదు. ఇవాళ వాడే ఎత్తాడు. ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. నాకు వినపడాలని నా ముందుకు కుర్చీ జరుపుకున్నాడు.

"మారుతి అంతా చెప్పినాడన్నా. అప్పుడూ చూడకుండానే చెప్పినావు. ఇప్పుడూ చూడకుండానే చెప్పినావు" అన్నాడు.

నేను తల వంచుకున్నాను.

"నా సంగతి ఇడ్సు. నాకు పద్నాలుగేండ్లు, నేనూ ఒక తూరి వంగి చూసి ఉండచ్చు. నీ మీద నాకు కోపం పోయి శానా కాలమాయ. నువ్వే ఊరికి వచ్చినప్పుడల్లా నా మెడ తట్టు చూడకుండా మాట్లాడి పోతావు. దానికి మాత్రం కోపం" అన్నాడు. "ఆ పిల్లకు ఏం తెలుసన్నా? నువ్వు చూస్తాండావనుకునింది" అన్నాడు.

ఏడ్చాను. వాడు పక్కకు తిరగలేడు కాబట్టి నా ఏడుపు మొత్తం చూడాల్సి వచ్చింది. గంగాదేవి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. ఇద్దరం ఒకే తట్టలో తిన్నాం, చిన్నప్పటి మాదిరి.

సెప్టెంబరు 11

చెవుల డాక్టరు. చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు బిగించి, చప్పుడు వినపడితే మీట నొక్కమన్నాడు. నేను నొక్కుతూనే ఉన్నాను. బయటికి వచ్చాక కాగితం చూపించాడు. లావు చప్పుళ్లు కొంచెం మిగిలాయి, సన్నవి పూర్తిగా పోయాయి అన్నాడు. పిచ్చుక, ఈల, కుక్కర్, నీళ్లు చిందడం. సర్రుమనేది కూడా పోయిందా అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు.

చప్పుడు రాకుండానే ఇరవైసార్లు మీట నొక్కానట. వినపడాలని అంత ఆశ.

చెవికి మిషన్ పెట్టారు. ఆటోలో వస్తుంటే గోల భరించలేకపోయాను. ఇంట్లో గంగాదేవి గొంతు విన్నాను. ఏం తగ్గలేదు, మూడు వీధులకు వినపడుతుంది.

సెప్టెంబరు 15, సోమవారం

హాస్టలుకు పోయాను. తిరుపాలమ్మ కూతురి దగ్గరే ఉంది పది రోజులుగా. గొర్రెలు ఎవరికి అప్పజెప్పి వచ్చిందో.

"నేర్పిస్తానంటివి గదప్పా సారూ" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఎన్ని మాటలు అన్నా దానికంటే నయంగా ఉండేది.

హేమావతికి అంతా చెప్పాను. చెవి గురించి, దాచడం గురించి, బావి గురించి. పెద్దవాణ్ని, గురువును, చేతులు కట్టుకుని చెప్పాను. తప్పయింది పాపా అన్నాను. ఆ పిల్ల దుప్పటి అంచు మడుస్తూ విన్నది.

"నాకు నొప్పి తెలుస్తానే ఉన్నింది సార్. మీరు బాగుండాది అంటాంటే, నా నడుమే అబద్ధం చెప్తాందేమో అనుకున్న్యా" అంది.

ఈ వాక్యం ఇక్కడ రాసుకున్నాను, మరిచిపోకూడదని. మరిచిపోతానన్న భయమేం లేదు.

పోటీలకు వద్దులే అన్నాను. ఇది ఆఖరి అవకాశమని నేనే అన్నాను గానీ, ఆఖరిది నాకు. ఆ పిల్లకు ఇంకో ఏడాది ఉంది. తొందరంతా నాదే. మారుతి నేర్పిస్తాడు, నేను పక్కకు తప్పుకుంటాను అన్నాను.

"వద్దు సార్. డాక్టరు సరే అంటే పోతా నేను. మీరే ఉండల్ల. కానీ నా తట్టు తిరిగి నిలబడండి. మీరు చూస్తేనే ఎక్కుతా" అంది.

తల్లి నా వైపు చూసింది. సరే అన్నాను. అనడానికేం.

సెప్టెంబరు 26, శుక్రవారం

డాక్టరు సరే అన్నాడు, తేలికవి మాత్రమే, వెనక పల్టీ లేకుండా. మొదట పూల్ ముందర చెనిక్కాయ పొట్టు గోతాలు పరిచి వేయించాను. ఎదురుగా నిలబడ్డాను, అన్నీ చూశాను. మోకాలు, మడమ, భుజం, అన్నీ. ఇంతేనా, ఇది నాతో అవుతుంది అనుకున్నాను.

తర్వాత పూల్. ఒక మీటరు బోర్డు. మిషన్ తీసి తోడు వచ్చిన గంగాదేవికి ఇచ్చాను, తడవకూడదు. నీళ్లకు ఎదురుగా నిలబడ్డాను. ఆ పిల్ల బోర్డు చివరకు వచ్చింది. చేతులు ఎత్తింది. బోర్డు వంగింది.

బయటికి వచ్చి నా ముందు నిలబడింది. నీళ్లు కారుతున్నాయి. "కండ్లు మూసుకున్న్యారు సార్" అంది.

తువ్వాలు కప్పుకుని వెళ్లిపోయింది. కోపంగా కాదు. ఊరికే వెళ్లిపోయింది.

సెప్టెంబరు 27

మళ్లీ మూసుకున్నాను. నాలుగుసార్లు.

సెప్టెంబరు 29

పొట్టు మీద చూడగలను. నీళ్ల మీద చూడలేను. మారుతి దూకినా చూడలేను. గేదె చెరువులోకి దిగుతుంటే చూడగలనా అని గంగాదేవి ఆటపట్టించింది. నవ్వాను గానీ ఆ పిల్ల రెండు రోజులుగా బోర్డు ఎక్కలేదు. పోటీలకు ఇరవై రోజులు.

అక్టోబరు 5, ఆదివారం

దసరా పోయాక జయరాంను నేనే పిలిపించాను. ఎందుకో నాకే తెలియదు. పూల్ దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఒక్క ఏళ్లలో వాడు ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. పిలవలేదు గదా ఎప్పుడూ. బోర్డు ఎత్తు అడిగాడు. పది అడుగులన్నాను. బావి కంటే తక్కువే గదా అన్నాడు.

హేమావతి వచ్చింది. నేను బతిమాలానని వచ్చింది. నమస్కారం చేసి జయరాం మెడ వైపు ఒకసారి చూసి, నా వైపు చూసి, నిచ్చెన ఎక్కింది. మూడు మీటర్లు.

జయరాం నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఒళ్లంతా నా వైపు తిప్పి, నాకు వినపడేట్టు గట్టిగా అన్నాడు. "అన్నా, నాకు మెడ పైకి లేయదు. ఆ పిల్ల యాడుందో నాకు కనపడదు. ఏమేం అయితాందో నువ్వు చెప్పల్ల."

"నేనా?"

"ఇంకెవురుండారీడ? చెప్పు. యాడుండాది?"

"బోర్డు చివరికి వచ్చింది."

"ఊ."

"చేతులు పక్కకు చాపింది. ఇప్పుడు పైకెత్తింది." నా గొంతు నాకే సరిగ్గా వినపడడం లేదు. అరుస్తున్నానో ఏమో. "బోర్డు తొక్కింది. లేచింది."

"ఎంత లేచింది?"

"బాగా లేచింది. మోకాళ్లు ముడిచింది. ఒక చుట్టు. ఇంకో సగం. విప్పింది, చేతులు ముందుకు వచ్చినాయి. చేతులు నీళ్లలోకి, తల, భుజాలు, నడుము..."

"ఆగినావేంటికి? కాళ్లు?"

"కాళ్లు. కాళ్లు పోయినాయి. లోపలికి పోయినాయి జయరామా."

నీళ్లు కలిసిపోయాయి. కాసేపటికి తల పైకి వచ్చింది. జయరాం నా మోచెయ్యి వదల్లేదు, నా గోళ్లు వాడి చేతిలో గుచ్చుకుని ఉన్నాయి.

ముప్పై ఒక్క ఏళ్లు నేర్పించాను. ఎన్ని వేల డైవ్‌లో. ఒక డైవ్ చివరిదాకా చూడడం ఇదే మొదలు. ఎంత అందంగా ఉంటుంది అది. ఎవరన్నా చెప్పి ఉండకూడదా నాకు.

హేమావతి ఈదుకుంటూ వచ్చి గట్టు పట్టుకుని తల ఎత్తింది. "ఎట్లుండాది సార్?"

"మడమలు విడినాయి పాపా, జానెడు. నడుము సరిగ్గా ఉండాది. మల్ల ఎక్కు" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. జూలై తర్వాత ఇదే నవ్వడం. నీళ్లు చిందించుకుంటూ మళ్లీ బోర్డు ఎక్కింది.

అక్టోబరు 18, శనివారం. బెంగళూరు

హేమావతి నాలుగో స్థానం. వెనక పల్టీ లేని డైవ్‌ల పట్టికతో నాలుగు అంటే తక్కువ కాదు అన్నారు ఎవరో పెద్దలు. మూడో అమ్మాయికీ ఈ పిల్లకూ మధ్య తేడా చాలా కొంచెం. మారుతి ఆ తేడాను గుండెలో పెట్టుకుని కూర్చున్నాడు, వచ్చే ఏడాదికి అది వాడికి పనికొస్తుంది. తిరుపాలమ్మ మొదటిసారి రైలెక్కి వచ్చింది. కూతురు పైనుంచి పడినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని, అయిపోగానే వదిలేసింది. చివర్లో "నేర్పిచ్చినావులేప్పా" అంది.

ఇంకో పదమూడు రోజులు నాకు. శాలువా కప్పుతారు, చెవి గురించి ఎవరో ఒకరు మాట్లాడుతారు. మాట్లాడనీ.

సాయంత్రం లాడ్జి వరండాలో మిషన్ సరిచేసుకుని జయరాంకు ఫోన్ చేశాను. చెనిక్కాయ పీకుతున్నారు, కూలీల గోల. ఎన్నో స్థానం అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"చూసినావా అన్నా?" అన్నాడు.

"చూసినా" అన్నాను.